నీటికి గోడ కట్టాలా, దారి వదలాలా?

పిల్లలూ! మా చిట్కుల్‌కు సముద్రం చాలా దూరం. రోడ్డున బయలుదేరితే మూడువందల కిలోమీటర్లకు పైగా పోతేగాని కెరటం కంటబడదు. మాకున్నది ఊరి చెరువు, చుట్టూ పటాన్‌చెరు కర్మాగారాల పొగగొట్టాలు. ఇటువంటి ఊళ్లో సైన్సు చెప్పుకునే మాస్టారు సముద్రంలో చేపలుపట్టే పడవల గురించి రాయడమేమిటని మీరు నవ్వుకోవచ్చు. కాని ఈ విషయం మీద నాకు ఆలోచన పుట్టించింది ఏ పెద్ద గ్రంథమూ కాదు, మా తొమ్మిదో తరగతి పిల్లవాడు అడిగిన ఒక ప్రశ్న.

కొన్నేళ్ల క్రితం మా పిల్లలను విజ్ఞానయాత్రకు విశాఖపట్నం తీసుకువెళ్లాం. చేపలరేవు చూశాక పక్కన ఇసుక ఒడ్డుకు నడిచాం. అక్కడ లాగిపెట్టి ఉన్న ఫైబర్ పడవ ఒకటి మావాళ్లను ఆకర్షించింది. దాని రెండు పక్కలా మోకాలెత్తు అంచు ఉంది. ముందువైపు ఇంకా ఎత్తుగా ఉంది. వెనుకవైపు మాత్రం మధ్యలో అంచే లేదు, ఖాళీ! మావాడు దాన్ని కాసేపు చూసి, "సార్, వెనకాల గోడ వెట్టుడు మర్చిపోయిండ్రా?" అన్నాడు. పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వాను గాని, జవాబు నాకూ తెలియదు. ముప్ఫై ఏళ్లుగా ఆర్కిమెడీస్ సూత్రం చెబుతున్నాను. పడవ ఎందుకు తేలుతుందో నల్లబల్ల మీద ఎన్నిసార్లు బొమ్మ గీశానో లెక్కలేదు. అయినా ఆ పడవ ముందు నోరు పెగల్లేదు.

పక్కనే వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఆ మాట విన్నాడు. తల ఎత్తకుండానే, "నీరు రాకుండా ఆపడం మన తరమా బాబూ? వచ్చిన నీరు పోడానికి దారుండాల" అన్నాడు.

నా అభిప్రాయం మొదటే చెప్పేస్తాను. ఆయన మాటే సరైనది. కాని ఆ మాటలో పైకి కనబడని షరతు ఒకటుంది. ఆ షరతు తెలియకుండా పడవ వెనుక కోసివేస్తే ప్రాణాలు పోతాయి. ఈ రెండు సంగతులూ మీ ముందు పెట్టాలనే ఈ వ్యాసం.

ముందు కొన్ని మాటలు తెలుసుకుందాం. పడవ ముందుభాగాన్ని అణియం అనీ, వెనుకభాగాన్ని అమరం అనీ అంటారు. అమరాన్ని మూస్తూ అడ్డంగా నిలబెట్టే పలకకు నౌకానిర్మాణంలో ట్రాన్సమ్ అని పేరు. ఆ పలక పూర్తిగా ఉంటే మూసిన ట్రాన్సమ్. దాన్ని లోపలి అంతస్తు వరకు తొలగించి వదిలేస్తే తెరిచిన ట్రాన్సమ్. అమెరికాలో, ఆస్ట్రేలియాలో ఒడ్డుకు దూరంగా వేటకు వెళ్లే చిన్న పడవల్లోనూ, పందెపు తెరచాప పడవల్లోనూ తెరిచిన ట్రాన్సమ్ కనిపిస్తుంది. పూర్తిగా తెరవాలా, సగం మూయాలా అనే వాదన పడవలు కట్టేవాళ్ల మధ్య ఎప్పుడూ ఉన్నదే.

మూసినదే మేలనేవారి మాట వినండి. "వెనుకనుంచి పెద్ద కెరటం వస్తే తెరిచిన పడవలోకి నేరుగా ఎక్కుతుంది. వల జారిపోతుంది, చేప జారిపోతుంది, మనిషీ జారిపోవచ్చు. గోడ ఉంటే పొడిగా ఉంటాం." ఈ మాట వినడానికి బాగుంది. మన ఇంటి గడపకు అడ్డుకట్ట వేసుకోమా? కాని సముద్రానికీ వాకిట్లో వానకూ తేడా ఉంది. సముద్రంలో ప్రశ్న నీరు వస్తుందా, రాదా అని కాదు. ఏదో ఒక రోజు ఏదో ఒక కెరటం గోడ దాటి తీరుతుంది. ఆ తరువాత ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న.

ఒక లెక్క చేద్దాం. పడవ లోపలి అంతస్తు పొడవు 4 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు అనుకోండి. ఒక కెరటం దాటి వచ్చి అక్కడ 10 సెంటీమీటర్ల లోతు నీరు నిలిచింది. చీలమండ మునిగేంత నీరు, అంతే! దాని ఘనపరిమాణం 4 × 2 × 0.1 = 0.8 ఘనపు మీటరు. సముద్రపు నీరు ఘనపు మీటరుకు సుమారు 1,025 కిలోగ్రాములు తూగుతుంది. కాబట్టి ఆ నీటి బరువు 820 కిలోలు. మనిషికి 60 కిలోల చొప్పున దాదాపు పద్నాలుగు మంది పిలవని ప్రయాణికులు ఒక్క క్షణంలో పడవ ఎక్కారన్నమాట!

పైగా వీరు కుదురుగా కూర్చునే ప్రయాణికులు కారు. పడవ కుడికి ఒరిగితే అందరూ కుడికే పరుగెత్తుతారు, దాన్ని ఇంకా ఒరిగేలా చేస్తారు. బరువుకన్నా ఈ పరుగే ప్రమాదం. పళ్లెంలో నీళ్లు పోసి రెండు చేతులతో మోసుకుపోయి చూడండి, తెలుస్తుంది. ఇలా స్వేచ్ఛగా కదిలే నీటి దుష్ప్రభావం వెడల్పు ఘనాన్ని బట్టి పెరుగుతుంది. వెడల్పు రెట్టింపైతే ప్రభావం ఎనిమిది రెట్లు. అంతస్తు మధ్యలో నిలువునా ఒక అడ్డగోడ పెడితే ఒక్కొక్క భాగంలో ప్రభావం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. రెండు భాగాలూ కలిపి చూస్తే మొదటిదానిలో నాలుగో వంతు. పెద్ద ఓడల్లో ద్రవాలుండే తొట్లను గదులుగా విభజించడానికి ఇది ఒక ముఖ్యమైన కారణం.

ఇప్పుడు ఆ నీటిని బయటికి పంపాలి. గోడ మూసి ఉన్న పడవకు వెనుక అడుగున రెండు రంధ్రాలు ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కటి 4 సెంటీమీటర్ల వ్యాసం. 10 సెంటీమీటర్ల లోతు నీరు రంధ్రంలోంచి ఎంత వేగంతో దూకుతుందో టారిసెల్లీ సూత్రం చెబుతుంది. 2 × 9.8 × 0.1 కు వర్గమూలం తీస్తే సెకనుకు 1.4 మీటర్లు వస్తుంది. లోతు తగ్గుతున్నకొద్దీ వేగమూ తగ్గుతుంది, రంధ్రం అంచుల దగ్గర ధార సన్నబడుతుంది. ఇవన్నీ కలిపి నేను లెక్కవేస్తే ఆ నీరంతా పోవడానికి పన్నెండు నిమిషాలకు పైనే పట్టింది. మొదటి అరనిమిషంలో పోయేది పన్నెండో వంతు మాత్రమే.

అదే పడవకు వెనుక ఒక మీటరు వెడల్పున గోడ తీసేశామనుకోండి. మొదటి పది సెకన్లలోనే దాదాపు సగం నీరు పోతుంది. అరనిమిషం అయ్యేసరికి నాలుగింట మూడు వంతులు పోతుంది. పడవ ముందుకు కదులుతూ ఉండి అణియం కొంచెం పైకి లేచి ఉంటే ఇంకా త్వరగా పోతుంది. సముద్రంలో తరువాతి కెరటం పన్నెండు నిమిషాలు ఆగదు. ఎనిమిది పది సెకన్లలో మళ్లీ వస్తుంది. మొదటి కెరటం తెచ్చిన నీటిలో ఎక్కువభాగం ఉండగానే రెండోది, ఆపై మూడోది వచ్చి చేరితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు.

ఈ సంగతి మన తీరంలో కొత్తదేమీ కాదు. తెప్పనే చూడండి. తేలికైన దుంగలు నాలుగైదు పక్కపక్కన చేర్చి తాళ్లతో బిగించి కట్టేది తెప్ప. దానికి పక్కగోడలు లేవు, అమరానికి అడ్డుపలక లేదు. నీరు దుంగల సందుల్లోంచి పైకి వస్తుంది, ఆ సందుల్లోంచే కిందికి పోతుంది. తోడిపోసే పని లేదు. తెప్ప తిరగబడవచ్చు గాని మునగదు. ఎందుకంటే దాన్ని తేల్చేది లోపల దాచుకున్న గాలి కాదు, నీటికన్నా సాంద్రత తక్కువైన కొయ్య. తమిళులు దీన్నే కట్టుమరం అన్నారు. ఇంగ్లీషులో కాటమరాన్ అనే మాట అక్కడినుంచే పుట్టింది, తరువాత జంట పొట్టల పడవకు పేరైంది. తెప్పను 'ఆటవికమైన పడవ' అని తేలికగా మాట్లాడినవాళ్లు ఎందరో. నా దృష్టిలో అది పూర్తిగా తెరిచిన ట్రాన్సమ్ పడవ, ఇంజనీరింగు పట్టా లేనివాళ్లు అలల మధ్య పరీక్షించి తయారుచేసిన యంత్రం.

తెప్పకూ లోపాలున్నాయి. దాని మీద మనిషి ఎప్పుడూ తడుస్తూనే ఉండాలి. ఎక్కువ చేప పట్టదు. వేటయ్యాక దుంగలు విప్పి ఆరబెట్టాలి. అందుకే కొత్త పడవల కోసం ప్రయత్నాలు జరిగాయి. 1950వ దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ పంపిన నౌకానిర్మాణ నిపుణులు మనదేశానికి వచ్చి చిన్న మరపడవల నమూనాలు తయారుచేశారు. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన బంగాళాఖాతం కార్యక్రమం రేవులు లేని ఇసుక ఒడ్డున దిగగలిగే పడవలపై కృషి చేసింది. ఇసుక తగిలే చోట మరను, పంకాను పైకి ఎత్తుకునే ఏర్పాటు అందులో ఒకటి. ఆ తరువాతి కాలంలో దుంగల స్థానంలో ఫైబర్ తెప్పలు వచ్చాయి. వీటి పొట్టలో థర్మోకోల్ దిమ్మలు నింపి, పైన అంతస్తు వేసి మూసేస్తారు. పాత తెప్ప సూత్రమే, కొత్త పదార్థంలో!

ఇక్కడే మర ఒక చిక్కు తెచ్చిపెట్టింది. అమరానికి బయట తగిలించే మరకు పంకా నీటిలో మునిగి ఉండాలి. అటువంటి మరల కాడ పొడవును బట్టి, దాన్ని తగిలించే పలక అడుగునుంచి సుమారు 15 అంగుళాలు గాని, 20 అంగుళాలు గాని ఎత్తుండాలి. అంటే 38 లేదా 51 సెంటీమీటర్లు. పక్కలు ఎంత ఎత్తున్నా వెనుక మాత్రం అంతకే కోయవలసి వస్తుంది. దానికి తోడు మర బరువు, ఇంధనం, తోలేవాడు, అందరూ వెనుకే! పడవలో అన్నింటికన్నా తక్కువ ఎత్తున్న చోటే అన్నింటికన్నా ఎక్కువ బరువు. అందుకే అమరం సంగతి ఇంతగా ఆలోచించవలసినది.

ఇక మొదట చెప్పిన షరతు. నీటికి దారి వదలడం మంచిదే. కాని నీరు పల్లానికే పోతుంది. లోపలి అంతస్తు బయటి నీటిమట్టంకన్నా ఎత్తుగా ఉంటేనే తెరిచిన ట్రాన్సమ్‌లోంచి నీరు బయటికి పోతుంది. అంతస్తు నీటిమట్టంకన్నా కిందుంటే అదే ద్వారంలోంచి సముద్రం లోపలికి వస్తుంది. వెళ్లే దారికీ వచ్చే దారికీ మధ్య ఉన్నది కొద్ది సెంటీమీటర్ల ఎత్తు తేడా, అంతే. ఉదయం ఖాళీగా బయలుదేరిన పడవకు ఆ ఎత్తు ఉండవచ్చు. సాయంత్రం చేపతో, తడిసిన వలతో, మంచుగడ్డలతో తిరిగివచ్చే పడవకు ఉంటుందా? అది చూడాలి. కాబట్టి పాత పడవ వెనుక రంపంతో కోసేసి 'తెరిచిన ట్రాన్సమ్' అనుకోవడం మూర్ఖత్వం. ముందు అంతస్తు ఎత్తాలి. అంతస్తు కింది భాగం నీరు చొరకుండా మూసి ఉండాలి, వీలైతే నురుగుదిమ్మలతో నింపి ఉండాలి. ఆ తరువాతే గోడ మాట.

ఈ పొరపాటుకు పెద్ద ఓడలూ అతీతం కావు. వలను వెనుకనుంచి జారుడుబల్ల మీదుగా లాక్కునే ట్రాలర్లు 1950వ దశకంలో వచ్చాయి. 1954లో పనిలోకి దిగిన బ్రిటిష్ ఓడ 'ఫెయిర్‌ట్రై' వీటిలో పేరుపొందినది. ఆ జారుడుబల్ల మీదికి ఎక్కిన నీరు అలాగే వెనక్కి జారిపోతుంది. 1974 ఫిబ్రవరిలో 'గాల్' అనే బ్రిటిష్ ట్రాలర్ ఉత్తరాన బారెంట్స్ సముద్రంలో 36 మందితో మునిగిపోయింది. ఎందుకు మునిగిందో ఏళ్ల తరబడి తెలియలేదు. 1997లో శిథిలం దొరికింది. 2004లో వెలువడిన విచారణ నివేదిక ప్రకారం, చేపల వ్యర్థాలను బయట పారేసే గొట్టాల మూతలు తెరిచి ఉండడంతో కింది అంతస్తులోని చేపలు శుభ్రంచేసే గదిలోకి నీరు చేరింది. చూశారా! ఆ ఓడకు వెనుక ఉన్న పెద్ద జారుడుబల్ల ముంచలేదు. మూసి ఉండవలసిన చోట తెరిచి ఉన్న చిన్న దారులు, లోపలికి వచ్చాక బయటికి పోలేని గది, ఇవి ముంచాయి. అందువల్ల 'తెరిచినది మంచిది, మూసినది చెడ్డది' అని బట్టీపట్టకండి. ఆ నీరు ఎక్కడికి వస్తుంది, ఎక్కడినుంచి పోతుంది అని అడగండి.

ఇదంతా మాటల వాదం కాదు. 1999లో అంతర్జాతీయ కార్మిక సంస్థ వేసిన అంచనా ప్రకారం ప్రపంచంలో చేపలవేటలో ఏటా 24,000 మంది చనిపోతున్నారు. 2022లో వెలువడిన ఒక అధ్యయనం ఆ సంఖ్య లక్షకు పైనే అంటున్నది. మన తీరం సంగతి మీ పెద్దలనడగండి. 1996 నవంబరు 6 రాత్రి తూర్పుగోదావరి తీరాన్ని తాకిన తుఫానులో వెయ్యిమందికి పైగా చనిపోయారు. వారిలో వేటకెళ్లి తిరిగిరాని జాలరులు ఎందరో. అంతటి తుఫానులో ఏ ట్రాన్సమూ కాపాడలేదు. అక్కడ కాపాడేది ముందస్తు హెచ్చరిక, దాన్ని అందుకునే రేడియో, ఆ పూట వేట మానినా ఇంట్లో పొయ్యి వెలిగే ఏర్పాటు. కాని సముద్రంలో చావులన్నీ తుఫానులో జరిగేవి కావు. మామూలు రోజున, ఒడ్డుకెరటాల దగ్గర, ఇంకో పది నిమిషాల్లో ఇంటికి చేరతామనగా పోయే ప్రాణాలున్నాయి. వాటిని పడవ కట్టే పద్ధతి కాపాడగలదు.

కాబట్టి నా సలహాలు ఇవి. ఒడ్డుకు దూరంగా వెళ్లే ప్రతి చిన్న పడవకూ నీరు తనంతట తాను పోయే ఎత్తైన అంతస్తు, దానికి తగినంత వెడల్పైన దారి ఉండాలి. మనుషులు, వలలు జారకుండా ఆ దారికి అడ్డంగా తాడో, కమ్మీలో కట్టుకోవచ్చు. గోడ మాత్రం వద్దు. చిన్న చేపలు జారిపోతున్నాయని నీటిరంధ్రాలకు గుడ్డపీలికలు కుక్కే అలవాటు మానాలి, జల్లెడ బిగించుకుంటే సరిపోతుంది. మూడోది, ఖర్చులేని పని. నిండు బరువుతో కూడా అంతస్తు నీటిపైనే ఉండేలా పడవ పక్కన రంగుతో ఒక గీత గీయాలి. గీత మునిగితే బరువు ఎక్కువైనట్టే. ఇంగ్లండులో శామ్యూల్ ప్లిమ్‌సోల్ అనే ఆయన ఏళ్ల తరబడి పోరాడితే 1876లో ఓడలకు అటువంటి గీత తప్పనిసరి చేస్తూ చట్టం వచ్చింది. పెద్ద ఓడకు ఉన్న గీత చిన్న పడవకు ఎందుకు ఉండకూడదు? నాలుగోది, కొత్త నమూనా గీసేవారు ముందుగా వల బాగుచేసుకునే ఆ పెద్దాయన దగ్గర కూర్చోవాలి. లెక్క మనకు తెలిస్తే తెలియవచ్చు, కెరటం ఆయనకు తెలుసు.

మీరు అడగవచ్చు, "సముద్రం లేని మాకు ఇవన్నీ ఎందుకు సార్?" అని. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక బడిలో పనిచేశాను. దాని పైకప్పు చుట్టూ చక్కని పిట్టగోడ, నీరు పోవడానికి ఒకే ఒక్క తూము. ఆ తూములో ఆకులు, పిల్లల బంతి ఇరుక్కున్నాయి. ఒక్క రాత్రి వానకు కప్పు చెరువైపోయింది, తరగతిగదిలో పెచ్చులూడి పడ్డాయి. అదృష్టం, పిల్లలు లేని వేళ. అందరూ వానను తిట్టారు. తూమును ఎవరూ తలచుకోలేదు. మీ ఇంట్లో ప్రెషర్ కుక్కర్ మూతకు చిన్న భద్రతాబిళ్ల ఉంటుంది. ఆవిరి దారి మూసుకుపోతే అది కరిగి దారి ఇస్తుంది. మా చుట్టుపక్కల కర్మాగారాల్లో బాయిలర్ల మీద భద్రతాకవాటం చేసే పనీ ఇదే. నీరు గాని, ఆవిరి గాని, మంట చూసి పరుగెత్తే జనం గాని, గోడను మాత్రమే నమ్ముకుంటే ఒకనాడు గోడ ఓడిపోతుంది. ఆనాడు ప్రాణం నిలిపేది బయటికి పోయే దారి. మీలో చాలామంది రేపు యంత్రాల మధ్య పనిచేసేవాళ్లే. ఏ గదిలో అడుగుపెట్టినా మొదట 'ఇందులోంచి బయటికి దారేది?' అని చూసే అలవాటు ఇప్పుడే చేసుకోండి.

చివరగా ఒక ప్రయోగం. ఒకే రకం ప్లాస్టిక్ డబ్బాలు మూడు తీసుకోండి, మూతలు అక్కరలేదు. మూడింటిలోనూ అడుగున సమానంగా గులకరాళ్లు వేయండి. మొదటిదాన్ని అలాగే ఉంచండి. రెండోదానికి వెనుక అంచును సగం వరకు కోయండి. మూడోదానికి రాళ్లపైన థర్మోకోల్ ముక్కలు బిగించి, వాటిపై ప్లాస్టిక్ కాగితం పరిచి అంచులు అతికించండి. ఈ కొత్త 'అంతస్తు' బయటి నీటిమట్టానికి రెండు వేళ్లు పైన ఉండాలి. ఆ తరువాత వెనుక అంచును అంతస్తు వరకు కోయండి. మూడింటినీ తొట్టిలో తేలవేసి ఒక్కొక్కదానిలో ఒక గ్లాసు నీళ్లు పోయండి, వేలితో కొద్దిగా ఊపండి. మళ్లీ ఒక గ్లాసు పోయండి. ఏది ఎన్ని గ్లాసులకు మునిగిందో రాసుకోండి. ఆపైన మూడోదాని వెనుకభాగం మీద ఒక్కొక్క రాయే పెడుతూ, ఏ రాయితో నీరు వెళ్లే దారి వచ్చే దారిగా మారిందో గమనించండి. పడవ గీత ఎక్కడ గీయాలో ఆ రాయి మీకు చెబుతుంది.

మా పిల్లవాడు ఆనాడు అడిగిన ప్రశ్నకు నేను ఆలస్యంగానైనా జవాబు చెప్పుకున్నాను. వాళ్లు గోడ పెట్టడం మరచిపోలేదు బాబూ. నీటికి దారి ఇవ్వడం మరచిపోలేదు.